అమావాస్య నాడు ఆగని పెట్టె

మొన్న అమావాస్య నాడు పొద్దున తొమ్మిది దాటాక, నేను కిటికీ దగ్గర కూర్చొని మునిసిపాలిటీ వాళ్ళకు పంపవలసిన అర్జీ ఒకటి ల్యాప్‌టాప్‌లో టైపు చేసుకుంటూ ఉండగా, పక్కింటి మేడ మీద బండలు కోసే చేతిమిషను కీచుమంటూ మొదలైంది. అమావాస్య నాడు బండ మీద మిషను పెట్టడమేమిటని నాకు ముందు ఆశ్చర్యం, ఆ వెంటనే కోపం వచ్చాయి. కడపలో పుట్టి పెరిగిన నా ఈడు వాళ్ళనెవరినైనా అడగండి, అమావాస్యకు మా వైపు రాతిపని చేసేవాడు ఉలి ముట్టేవాడు కాదు, మిషను ముట్టేవాడు కాదు. పనిముట్లన్నీ కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, టెంకాయ కొట్టి ఆ రోజుకు సెలవు తీసుకునేవాడు. చెప్పులేసుకొని వాళ్ళ మేడ ఎక్కి, ముక్కుకు చేతిగుడ్డ కట్టుకొని తెల్లటి దుమ్ములో కూర్చున్న మేస్త్రీని అదే అడిగాను.

“యాడి అమావాస్య సార్? గృహప్రవేశం మీదికొస్తాంటే పంచాంగం చూసుకుంటా కూర్చుంటే అయితాదా?” అన్నాడు.

సరే, కోసేదేదో నీళ్ళు పోస్తూ కోయమన్నాను.

“నీళ్ళు పోస్తే గీత కనపడదు పెద్దాయనా. నువ్వు పోయి నీ కంప్యూటర్ చూసుకోపో.”

పక్కనున్నవాళ్ళు నవ్వారు. అతను మిషను కింద పెట్టి బండ జరుపుకునే సందు చూసి, అక్కడున్న బక్కెటలోని నీళ్ళు బండ మీద కుమ్మరించి దిగివచ్చాను. నవ్వినవాళ్ళు ముగ్గురు. ముగ్గురి ముఖాలూ నాకు గుర్తున్నాయి.

ఇంటికొచ్చేసరికి ల్యాప్‌టాప్ నల్లటి మూత మీద సన్నటి పిండిలా దుమ్ము పడి ఉంది. వేలితో గీస్తే గీత పడింది. ఆ రోజు అర్జీ పూర్తి కాలేదు.

ఇరవై ఏళ్ళ కిందట నేను మా అన్న ఇంట్లో ఉండేవాణ్ణి. పెళ్ళి చేసుకోలేదు. మైదుకూరు అవతల ఒక హైస్కూల్లో తెలుగు అయివారుగా పని చేస్తూ, హాజరు పట్టీలో నా పేరుకెదురుగా ఎర్ర సిరాతో ప్రశ్నార్థకం గీసిన హెడ్మాస్టరుతో మాటామాటా పెరిగి, గడువుకు ముందే పదవీ విరమణ తీసుకున్నాను. ఆ ప్రశ్నార్థకం వంపు ఎలా ఉండేదో ఈనాటికీ గీసి చూపగలను. మా అన్నకు కడప ఊరి చివర బండల పాలిషు ఫ్యాక్టరీ ఉండేది. ఫ్యాక్టరీ అంటే పెద్దదేమీ కాదు, ఒక రేకుల షెడ్డు, రెండు కోతమిషన్లు, ఒక పాలిషు మిషను, పదీ పన్నెండు మంది పనివాళ్ళు. గనుల నుంచి వచ్చిన నల్లటి నాపబండలకు అంచులు కోసి, నీళ్ళు పోస్తూ అద్దంలా నునుపు చేసి లారీలకెత్తేవాళ్ళు. షెడ్డుకూ ఇంటికీ మధ్య ఒకటే గోడ, ఆ గోడలో ఒక కిటికీ, కిటికీకి ఇవతల ముందుగదిలో మా అన్న మంచం. ఆయన భోజనం చేసినా, కునుకు తీసినా, బేరానికి వచ్చినవాళ్ళతో మాట్లాడినా ఆ మంచం మీదే. ఒక కన్ను ఎప్పుడూ కిటికీలోంచి పనివాళ్ళ మీద. టెలిఫోను తీగ ఆ గదిలోకే వస్తుంది, ఇంటర్నెట్టు ఆ తీగ మీదే రావాలి, కాబట్టి కంప్యూటర్ కొన్నప్పుడు దాన్నీ ఆ కిటికీ పక్కనే పెట్టారు.

మన వయసువాళ్ళకు ఆ రోజులు విడమరిచి చెప్పనక్కర లేదు. ఇంట్లో కంప్యూటర్ ఉందంటే కొత్తకోడలు ఉన్నట్టే. చెప్పులు బయట విడిచి రావాలి, తడిచేత్తో ముట్టకూడదు, చుట్టాలొస్తే ఒకసారి ఆన్ చేసి చూపించాలి. మాది బ్రాండు సరుకు కాదు, ఊళ్ళో కంప్యూటర్ సెంటరు నడిపే మా వదిన తమ్ముడు విడిభాగాలు తెచ్చి బిగించి ఇచ్చినది. పెద్ద బానలాంటి మానిటరు, దాని పక్కన నిలువుగా సీపీయూ పెట్టె. బండల దుమ్ము పడకుండా మా వదిన తన పాత పట్టుచీర కోసి రెండింటికీ తొడుగులు కుట్టింది. అందులోనూ సీపీయూ తొడుగు చాలా నేర్పుగా కుట్టింది: బటను నొక్కడానికి ఒక రంధ్రం, సీడీ పెట్టే చోట ఒక చీలిక, వెనక తీగలు దూరడానికి ఇంకో చీలిక, చుట్టూ జరీ అంచు. తొడుగు తీయకుండానే పని చేసుకోవచ్చు. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

ఆ పెట్టె ఏడాదికి పైగా మాకొక మాట చెప్పాలని చూసింది. అది మా అన్న ప్రాణానికి సంబంధించిన మాట. నేను మాత్రం దాన్ని నా పరువుకు సంబంధించిన మాటగానే విన్నాను. ఈ నాలుగు ముక్కలూ రాయడం అందుకే.

కొన్న మూడో ఏటో నాలుగో ఏటో అది ఆగిపోవడం మొదలుపెట్టింది. పని చేస్తూ చేస్తూ ఉన్నట్టుండి తెరంతా నీలంగా మారిపోయేది, నీలం మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు వరుసగా దిగేవి, మౌసు కదిలేది కాదు, ఏ మీట నొక్కినా పలికేది కాదు. కొన్నిసార్లు ఆ నీలం కూడా రాకుండా, గొంతు నొక్కినట్టు ఒక్కసారిగా నల్లబడేది. ఆగిపోయే ముందు లోపలి ఫ్యాన్ మోత పెరిగి, మెట్లెక్కిన ముసలిమనిషి ఆయాసంలాగా వినబడేది. ఆ ఇంట్లో దాన్ని వాడేది ఇద్దరమే. ఎంసీయే చివరి ఏడాదిలో ఉండి ప్రాజెక్టు రాసుకుంటున్న మా అన్న కూతురు, అర్జీలు టైపు చేసుకునే నేను. స్టాపులో ఆగని బస్సు గురించి, వెలగని వీధిదీపం గురించి, తూకం తగ్గించే రేషను షాపు గురించి నేను రాసినన్ని అర్జీలు మా జిల్లాలో ఇంకెవరూ రాసి ఉండరు. “నీ అర్జీలు మోయలేక సచ్చిపోతాండాదిరా అది” అని మంచం మీది నుంచి నవ్వేవాడు మా అన్న. ఆయన నవ్వితే నాకు కోపం వచ్చేది కాదు. ఆయన నవ్వు చివర దగ్గు తగులుకునేది, అంతే.

కోపం వచ్చింది మా వదిన తమ్ముడు అన్న మాటకు. వదిన పుట్టింటి వైపు ఒక సీమంతం, భోజనాల బంతిలో నలభై మందిమి కూర్చున్నాం. మా ఇంటి కంప్యూటర్ ఎలా ఉందని ఎవరో అడిగారు. అతను వడ్డిస్తున్న వడల బేసిను పక్కన పెట్టి మరీ చెప్పాడు. “మిషను బాగనే ఉండాది. మా అయివారు బావకు మౌస్ ఇచ్చినా బండ నెట్టినట్లే నెట్టుతాండాడు. పాపం, అదెంతకని ఓర్చుకుంటాది?” బంతి బంతంతా నవ్వింది. నా విస్తట్లో వడ అలాగే ఉండిపోయింది. ఆ తర్వాతి వారం ఇంటికొచ్చి, నాలాంటి తెలియనివాళ్ళు ముట్టుకోకుండా దానికి పాస్‌వర్డ్ పెట్టాడు. పెట్టేటప్పుడు, “బావా, ఓ నిమిషం అట్ల తిరుగు” అన్నాడు. ముప్పై ఏళ్ళు బడిపిల్లలను గోడకేసి తిరగమన్నవాణ్ణి, యాభై దాటాక గోడకేసి తిరిగి నిలబడ్డాను. మా అన్న చూస్తూనే ఉన్నాడు. అది కూడా గుర్తుంది.

ఆ పూటే ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు తెచ్చి గళ్ళు గీశాను. రోజు, గంట, ఎవరు కూర్చున్నారు, ఏం చేస్తుండగా ఆగింది, చివర ఇతర విషయాలు. నేను ముట్టకపోయినా అది ఆగుతుందని అక్షరాలతో నిరూపించి, ఆ నలభై మంది ముందూ కాకపోయినా కనీసం ఆ ఇంటివాళ్ళ ముందు చదివి వినిపించాలని నా పట్టుదల. పొద్దున కాఫీ తాగి, కుర్చీ వేసుకొని, మా అన్న మంచం పక్కన, పెట్టెకెదురుగా కూర్చునేవాణ్ణి. ఇతర విషయాల గడిలో నాకు ఇబ్బంది కలిగించినవన్నీ రాసేవాణ్ణి: కరెంటు పోయింది, ఎండ ఎక్కువ, కోతమిషను మోత, అన్న దగ్గు వల్ల పేపరు చదవలేకపోయాను. ఏ చిన్న ఇబ్బందినీ వదలకపోవడం నా అలవాటు.

నేను ముట్టకపోయినా అది ఆగుతూనే ఉంది. ఇప్పుడు అమ్మాయి ప్రాజెక్టు మధ్యలో ఆగేది, పిల్ల కళ్ళ నీళ్ళు పెట్టుకునేది. నా చేతిలో ముందే చెడిపోయింది కాబట్టి ఆగుతోందన్నాడు మేనమామ. మరమ్మతులు మొదలయ్యాయి. ర్యామ్ ఊడదీసి పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాడు. రెండు రోజులు నడిచి ఆగింది. వైరసన్నాడు, ఉన్నదంతా చెరిపేసి సీడీతో కొత్తగా ఎక్కించాడు, ఆగింది. కోతమిషన్లు మొదలైనప్పుడల్లా కరెంటు తగ్గుతోంది, తప్పు దానిదేనని నేనన్నాను. నా మాట మీద యూపీఎస్ కొన్నారు, కరెంటు సరఫరా పెట్టె మార్చారు, ఆఖరికి పెరట్లో గొయ్యి తీసి ఉప్పూ బొగ్గులూ పోసి కొత్తగా ఎర్తింగ్ వేయించారు. ఎర్త్ బాగా పట్టాలంటే ఆ గోతిలో రోజూ బిందెడు నీళ్ళు పోయాలన్నాడు కరెంటాయన. ఆ ఏడు వానల్లేవు, మా బోరు అడుగంటింది. ఉన్న నీళ్ళు పాలిషుకే చాలక, అంచుల కోతలన్నీ పొడిగానే కోయండని మా అన్న పనివాళ్ళకు చెప్పి అప్పటికి చాలా నెలలైంది. అయినా కంప్యూటర్ కోసమని ఆ గోతిలో రోజూ బిందెడు నీళ్ళు పోశాం. నేనే పోశాను, నా మాట నిలబడాలని.

పొడికోత మొదలైనప్పటి నుంచి దుమ్ము ఇంటికి కొత్త సున్నం కొట్టినట్టుండేది. మజ్జిగ మీద తేలేది, దేవుడి పటాల మీద పేరుకునేది, పొద్దున లేచేసరికి కనురెప్పల మీద ఉండేది. మధ్యాహ్నాలు కిటికీ మూసి, సీపీయూ తొడుగును ఇంకొంచెం కిందికి లాగి, చీలికల్లో కూడా గుడ్డలు కుక్కేది మా వదిన. మా అన్న మాత్రం ముఖానికి తువ్వాలు చుట్టుకొని షెడ్డులోకి పోయి వచ్చేవాడు. దుమ్మంటే విసుక్కునేవాడు కాదు. లారీ ఎక్కే సరుకు చూపించినట్టు, తువ్వాలు విదిలించి, “సూడ్రా, పని జరగతాంది” అనేవాడు.

అన్నిటికంటే నాకు మంట పుట్టించింది ఇంకోటి. మా ఇంట్లో గంటకోసారి ఆగే ఆ పెట్టె, వాళ్ళ సెంటరుకు తీసుకుపోతే ఆగేది కాదు. మూడు రోజులు పొద్దస్తమానం ఆన్‌లో ఉంచి తెచ్చాడు. “మా కాడ ఒక్కసారన్నా ఆగలేదు బావా. మీ ఇంట్లోనే ఏదో ఉండాది,” అన్నాడు. అన్నది నన్నే. కానీ మా వదిన ఆ మాటను ఇంకోలా విన్నది. మర్నాడే మానిటరుకు నిమ్మకాయా మిరపకాయలూ వేలాడాయి. వాస్తు చూసే ఆయనొకడు వచ్చి, ఆ మూలన ఊపిరి ఉన్నదేదీ నిలవదు, మంచమూ యంత్రమూ రెండూ జరపమన్నాడు. కిటికీ వదిలి పోతే పనివాళ్ళు పడుకుంటారని మా అన్న కొట్టిపారేశాడు. వాస్తు మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఆయన చెప్పిన వాటన్నిటిలో ఆ ఒక్కటీ విని ఉంటే బాగుండేదని మాత్రం ఇప్పటికీ అనిపిస్తుంది.

నోటుబుక్కులో అప్పటికి పది నెలలు నిండాయి. ఒకరోజు మొదటి నుంచీ తిరగేస్తుంటే కొన్ని రోజులకెదురుగా, ఆగిన గంట రాసే గళ్ళు ఖాళీగా కనబడ్డాయి. నెలకొకటి. పంచాంగం తీసి పోల్చుకున్నాను. ప్రతి ఖాళీ గడీ అమావాస్యే. మిగతా రోజుల్లో నాలుగైదు సార్లు చచ్చి బతికే పెట్టె, అమావాస్య నాడు మాత్రం పొద్దుటి నుంచీ సందెపొద్దు దాకా ఒక్కసారైనా ఆగలేదు. ఆ సంగతి చెప్పగానే మా వదిన ముఖం పాలిపోయింది. “అమావాస్య నాడు అది నిద్రపోతాదేమో,” అన్నది మెల్లగా. ఏది అని నేనడగలేదు. ఆ గదిలో కూర్చోవాలంటే ఆ వారమంతా నాకూ బెదురుగానే ఉండింది, ఒప్పుకుంటున్నాను.

బెదురు కంటే పట్టుదల పెద్దది కాబట్టి, వీధి మొదట్లో రేడియోలూ టీవీలూ బాగుచేసే ముసలాయన దగ్గరికి పోయాను. ఊరంతా ఆయనను చాచా అనే పిలిచేది. కంప్యూటర్ చదువు ఆయనకు లేదు, కానీ ఏ వస్తువైనా ముందు మూత తీసి చూడందే నోరు విప్పడు. నా నోటుబుక్కు కళ్ళకు దగ్గరగా పెట్టుకొని చదివి, “అమావాస్యకు మీరు ఇంట్లో ఏం చేస్తారు అయివారూ?” అని అడిగాడు. షెడ్డు మూస్తారు, కిటికీ తెరుస్తారు, పనిముట్లతో పాటు కంప్యూటర్‌కూ బొట్టు పెడతారు కాబట్టి వదిన తొడుగు తీసి ఉతికి ఆరేస్తుందని చెప్పాను. ఆయన స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకొని నాతో వచ్చేశాడు.

తొడుగు తీసి, పెట్టె పక్క రేకు విప్పి, ముందు ఆయనే వెనక్కి జరిగాడు. లోపల ఏ భాగం ఏదో తెలియలేదు. అంతా ఒకటే బూడిద రంగు. ఫ్యాన్ రెక్కల మీద, దాని కింద వేడిని లాగే ఇనుప పళ్ళ మధ్య దుమ్ము నిండిపోయి, పాలిషు నీళ్ళ చెమ్మకు సిమెంటులా గట్టిపడింది. స్క్రూడ్రైవరు మొనతో పొడిస్తే పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. వదిన తమ్ముడు మీద మీద దులిపి, ఈ ఫ్యాన్ కింద మాత్రం ఒకసారి కూడా చూడలేదు.

“ఇంగ దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు,” అన్నాడు చాచా. “దీనికి గాలి కావల్ల. లోపల చూస్తే బండ అయిపోయిండాది, పైన చూస్తే మీరు చీర కట్టి మూతి బిగించినారు. ఊపిరి ఆడక పడిపోతాంది. అమావాస్య నాడు చీర తీసి కిటికీ తెరుస్తాండారు, బతుకుతాంది. సెంటరుకూ చీర లేకుండానే పోయింటాది, ఆడా బతికింది.”

పెయింటు కుంచెతో తుడిచి, సైకిలు పంపు తెప్పించి లోపలికి గాలి కొట్టడం మొదలుపెట్టాడు. గదంతా తెల్లబడింది. మంచం మీదున్న మా అన్న తువ్వాలు అడ్డం పెట్టుకొని, “అట్లే నాకూ ఓ తూరి పంపు పెట్టి కొట్టు చాచా,” అన్నాడు. అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వి, ఆ నవ్వు దగ్గులోకి పోయి, దగ్గు ఎంతకీ ఆగక మంచం పట్టె పట్టుకొని ముందుకు వంగిపోయాడు. నవ్వనిది చాచా ఒక్కడే. పంపు ఆపి, మా అన్న మెడలోని తువ్వాలు వంకే చూస్తూ, “ఈ దగ్గు ఎన్నాళ్ళ నుంచన్నా?” అని అడిగాడు. “ఉంటాదిలే, బండల పనికి ఇది మామూలు,” అన్నాడు మా అన్న. నేను ఆ మాటలు వింటూనే, రేపు వదిన తమ్ముణ్ణి పిలిపించాలని మనసులో వాక్యాలు కూర్చుకుంటున్నాను.

పిలిపించాను. మర్నాడు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, ముందుగదిలో మా అన్న మంచం మీద, వదిన తలుపు దగ్గర, అమ్మాయి కంప్యూటర్ ముందు, ఆమె మేనమామ నా కుర్చీలో. చాచాను కూడా సాక్షిగా రమ్మన్నాను. దుమ్ము పెళ్ళలు ఒక పళ్ళెంలో పెట్టించాను. కళ్ళజోడు తుడుచుకొని, నోటుబుక్కు తెరిచి, బళ్ళో పాఠం చదివినట్టు గట్టిగా చదవడం మొదలుపెట్టాను. సోమవారం, పదకొండు గంటలు, పాప కూర్చుంది, నేను ముట్టలేదు, ఆగింది, కోతమిషను నడుస్తోంది, అన్న దగ్గు. మంగళవారం, పన్నెండున్నర, పాప, నేను ముట్టలేదు, ఆగింది, అన్న దగ్గు రెండుసార్లు. బుధవారం ఆగింది, అన్న దగ్గు, పేపరు చదవలేకపోయాను. అమావాస్య, ఆగలేదు, దగ్గు లేదు, మధ్యాహ్నం అన్నకు మంచి నిద్ర. నేను ముట్టలేదు అన్న చోట గొంతు పెంచుతూ నాలుగు పేజీలు చదివాను. అయిదో పేజీ తిప్పబోతుంటే మా అన్న కూతురు లేచి వచ్చి నా చేతిలోంచి పుస్తకం తీసుకుంది.

ఆమె నిలబడే చివరి గడి ఒక్కటే చూసుకుంటూ పోయింది. మొదటి పేజీల్లో వారానికొకసారి దగ్గు. తర్వాత రోజూ. తర్వాత రోజుకు ఇన్నిసార్లని. ఒకచోట, అన్న దగ్గి దగ్గి తువ్వాలు మార్చాడు, మరక, వదినకు చెప్పవద్దన్నాడు. అది నా చేతిరాతే. రాసిన సంగతి కూడా నాకు గుర్తు లేదు.

“చిన్నాయనా,” అన్నది ఆ పిల్ల, “ఇది యాడాది నుంచి రాస్తానే ఉండావా నువ్వు?”

వదిన తలుపు పట్టుకొని నిలబడిపోయింది. అంతసేపూ నన్ను ఎలా ఎదుర్కోవాలా అని కూర్చున్న ఆమె తమ్ముడు తల వంచుకున్నాడు; నాకోసం వంచుకున్న తల కాదది. షెడ్డులో కోతమిషను నడుస్తూనే ఉంది. మా అన్నే ముందు తేరుకున్నాడు.

“నా దగ్గు మీద కూడా కంప్లైంటు రాసినావారా?” అని నవ్వాడు. “రాస్తే రాసినావులే. ఎవురికి పంపిచ్చినావు?”

బస్సు మీద, దీపం మీద, రేషను మీద రాసిన ప్రతి అర్జీకీ నా దగ్గర పోస్టు రసీదు ఉంది. ఆ ఒక్కటి ఎవరికీ పంపలేదు.

ఆ వారమే కడపలో డాక్టరుకు చూపించాం. ఆయన ఎక్స్‌రే ఫిల్ము కిటికీ వెలుతురుకు పట్టి చూపిస్తే, నాకు అందులో చాచా రేకు విప్పిన పెట్టె లోపలి రంగే కనబడింది. కర్నూలు పెద్దాసుపత్రికి రాశాడు. వెళ్ళాం, మళ్ళీ మళ్ళీ వెళ్ళాం. లోపలికి పోయిన దుమ్ము తిరిగి రాదనీ, ఏడాది ముందు వచ్చి పని మాన్పించి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదనీ అక్కడి డాక్టరు చెప్పాడు. ఏడాది అన్న మాట ఆయన మామూలుగానే అన్నాడు. అమ్మాయి నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

మళ్ళీ బోరు వేయించారు, కోతకు నీళ్ళు పెట్టారు, మంచం లోపలిగదిలోకి మారింది. మా అన్న అక్కణ్ణించి కూడా మిషను మోత విని ఏ బండ ఎలా కోస్తున్నారో చెప్పేవాడు. రెండు వేసవులు గడిచాయి. మూడోది దాటలేదు. వదిన ఆ జరీ తొడుగును మళ్ళీ కుట్టలేదు, పారెయ్యనూ లేదు. ఆయన తువ్వాళ్ళతో కలిపి మడిచి ట్రంకుపెట్టెలో పెట్టింది. కంప్యూటర్‌ను మేడ మీది గదిలోకి ఎక్కించారు. తొడుగు లేకుండా, కిటికీ తెరిచి పెట్టుకుంటే అది మళ్ళీ ఏనాడూ ఆగలేదు. అమ్మాయి ప్రాజెక్టు దాని మీదే పూర్తయింది. మా అన్న పోయాక కూడా అది నాలుగేళ్ళు నడిచింది, ఫ్యాన్ చప్పుడు కూడా లేకుండా. ఆ నిశ్శబ్దం నేను భరించలేకపోయేవాణ్ణి.

మా అన్న పోయిన పదకొండో రోజున మా వదిన తమ్ముడు నా పక్కన వచ్చి కూర్చొని, ఏదో మాట్లాడాలి కాబట్టి, “బావా, కంప్యూటర్ బాగా ఆడతాండాదా?” అని అడిగాడు. తప్పు నాది అనలేదు, సీమంతం నాటి మాట వెనక్కి తీసుకోలేదు. నేను ఆనాటి నుంచి అతనితో మాట్లాడలేదు. అతను చేసినది నేను చేసినదాని కంటే చిన్నదని తెలుసు. తెలిసినా మాట్లాడలేదు.

ఇప్పుడు నేను టైపు చేసే ఈ ల్యాప్‌టాప్ మూతి బిగించినా ఆగదు, దుమ్ము పడినా ఆగదు, లోపల ఏమవుతోందో చెప్పనే చెప్పదు. కడప చుట్టూ ఫ్యాక్టరీలు నెలలో ముప్పై రోజులూ నడుస్తున్నాయి. అమావాస్య సెలవును పాతకాలపు చాదస్తమని మనమే నవ్వి తీసేసుకున్నాం. నెలకొక్క రోజైనా ఆ మోత ఆగి, తొడుగులు తీసి, కిటికీలు తెరిస్తే, మిగతా ఇరవైతొమ్మిది రోజులూ ఏం వినకుండా ఉన్నామో ఆ రోజు చెవిన పడేది. ఆ ఖాళీ గళ్ళు లేకపోతే నా నోటుబుక్కులో ఎవరికీ ఏమీ కనబడేది కాదు. ఇప్పుడు ఎవరు రాసినా గళ్ళన్నీ నిండే ఉంటాయి.

ఇది రాస్తుండగానే పక్కింటి మేడ మీద మిషను మళ్ళీ మొదలైంది. మధ్యమధ్య ఆగినప్పుడు ఆ మేస్త్రీ దగ్గు వినబడుతోంది. పొడిదగ్గు, చివర చిన్న కీచు. అది ఎన్నాళ్ళ దగ్గో నాకు లెక్క కట్టడం వచ్చు. నన్ను చూసి నవ్వినవాళ్ళ గడప నేను రెండోసారి తొక్కినది నా జన్మలో లేదు. ఇదీ అర్జీ రెండూ పక్కన పెట్టి బక్కెట నింపుకున్నాను. మెట్లెక్కేటప్పటికి ఆయాసం వస్తుంది, కాస్త మెల్లగా పోవాలి.